కౌంటరు వెనక కోడలు

“తొమ్మిది రోజులు,” అన్నాడు ఎల్డన్ మళ్ళీ.

ఎప్పటినుంచి తెలుసని నిన్న సాయంత్రం ఆమెను అడిగి తెలుసుకున్నప్పటినుంచి అతని నోట ఇదే మాట. ఇప్పుడు తెల్లవారింది. పెనంలో గుడ్లు అంచులు మాడుతున్నాయి. వెర్లీన్ చేతిలో అట్లకాడ ఉంది గాని వాటిని తిప్పాలన్న ధ్యాసే లేదు.

“తొమ్మిది రోజులు నా ఎదురుగా కూర్చుని తిన్నావు. బీన్స్‌లో ఉప్పు చాలలేదని చెప్పావు. పక్కింటివాళ్ళ కుక్క మన పెరట్లో గుంటలు తవ్వుతోందని చెప్పావు. మా అమ్మ రొమ్ములో గడ్డ ఉందన్న మాట మాత్రం చెప్పలేదు.”

“చెప్పకూడదు ఎల్డన్.”

“ఎవరికి? నేను దారినపోయేవాణ్ణా?”

“ఎవరికైనా సరే.”

“ఆవిడ నన్ను కన్న తల్లి!”

“ఆ సంగతి నాకు తెలీదా?”

“తెలిస్తే ఎలా ఊరుకున్నావు? ఆ మాట మా రోడ్ల డిపార్టుమెంటు షెడ్డులో ఇంకొకడు చెబితే నేను వినాలా? ‘మీ అమ్మ కోసం చర్చిలో ప్రార్థన చేశామయ్యా’ అంటాడు! ఏమిటి సంగతి అని వాణ్ణే అడిగాను. నా పెళ్ళాం క్లినిక్కులో కూర్చుని ఉంటే, నేను రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ తోలేవాణ్ణి అడిగి తెలుసుకున్నాను!”

వెర్లీన్ పొయ్యి ఆపింది. మాడిన గుడ్లను ప్లేటులో వేసి అతని ముందు పెట్టింది. అతను ప్లేటును అవతలికి నెట్టాడు.

హాలుకు అవతల అత్తగారు డెల్ఫియా గది తలుపు మూసి ఉంది. లోపల అలికిడి లేదు. నిన్న కొడుకు అరుపులు మొదలైనప్పుడు ఆవిడ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఎల్డన్ తలుపు తట్టి తట్టి విసిగిపోయాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. ఎవరేమన్నా తనకు ఇష్టమైనప్పుడే తలుపు తీస్తుంది.

వెర్లీన్ పద్దెనిమిదేళ్ళు చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. రెండేళ్ళ కిందట ఆ ఫ్యాక్టరీ మూతపడింది. నలభై ఆరేళ్ళ వయసులో, కొండ దిగువనున్న కమ్యూనిటీ కాలేజీలో ఆసుపత్రి ఆఫీసు పని కోర్సులో చేరింది. మొదటి వారం ఆ వైద్యం మాటలు చూసి బెంబేలెత్తిపోయింది. తరవాత ఒకరోజు గుట్టు దొరికింది. ఎంత పొడుగు మాటైనా చొక్కాలాంటిదే. ముందు కాలరు, మధ్యలో ఒళ్ళు, చివర కఫ్. విడదీసి చూస్తే ఏ ముక్క ఎక్కడిదో తెలిసిపోతుంది. ఆ రోజు నుంచి క్లాసులో ఆమెను మించినవాళ్ళు లేరు.

చివరి ఆరువారాలు నిజమైన క్లినిక్కులో కూర్చుని పని చెయ్యాలి. నాలుగు వారాలు గడిచాయి. ఇంకో రెండు వారాల్లో సర్టిఫికెట్టు చేతికొస్తుంది. ఈ మధ్యలోనే, తొమ్మిది రోజుల కిందట, పెద్దాసుపత్రికి పంపవలసిన కాగితాల కట్టలో ఆమె వేళ్ళ కింద ఆ పేరు కనబడింది. డెల్ఫియా స్టిడమ్. దాని కింద ఒక మాట. చివరి ముక్క ‘ఆప్సీ’. ఒంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యడమని ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

క్లాసులో నేర్పినట్టే చేసింది. కాగితం మీదినుంచి చెయ్యి తీసేసి, పక్క కుర్చీలోని ట్రెస్సాను పిలిచింది. “ఇది మావాళ్ళది. నేను ముట్టుకోకూడదు.” అంతే. 

ఫోను మోగింది. కాలేజీ నుంచి లోర్నా కాడిల్. కోర్సు చెప్పే మేడమ్.

“వెర్లీన్, పది గంటలకి నా గదికి రాగలవా? క్లినిక్కు మేనేజరు కూడా వస్తున్నాడు.”

“పది గంటలకా? మేనేజరు గారు కూడానా? ఏమైంది మేడమ్?”

అవతలినుంచి చిన్న నిట్టూర్పు. “క్లినిక్కుకి ఒక ఫిర్యాదొచ్చింది. ఒక పేషంటు సంగతి నువ్వు బయట చెప్పావంటున్నారు. ఫోనులో ఇంతకంటే చెప్పలేను.”

వెర్లీన్ ఫోను పెట్టేసింది. కుర్చీలో కూలబడింది.

“ఎవరు?” అన్నాడు ఎల్డన్.

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపుకన్నా ముందు అదే వచ్చింది. “ఇంట్లో నేను నోరు విప్పలేదని నువ్వు అరుస్తున్నావు. అక్కడ నేను నోరు విప్పానని పిలుస్తున్నారు.”

“అంటే?”

“పేషంటు సంగతి బయట చెప్పానట. అది నిజమని తేలితే కోర్సులోంచి తీసేస్తారు. ఇంకే క్లినిక్కూ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు.”

ఎల్డన్ కిటికీ వైపు తిరిగాడు. మెడ వెనక ఎర్రబడింది. టోపీ తీసుకుని, కోటు చేత పట్టుకుని, బయటికి నడిచాడు. వాకిట్లో తన సొంత చిన్న లారీ స్టార్టు చేసిన చప్పుడు వినబడింది.

*

తొమ్మిదిన్నరకు వెర్లీన్ కారు దగ్గరికి వెళ్ళేసరికి ముందు సీట్లో డెల్ఫియా కూర్చుని ఉంది. చర్చికి వేసుకెళ్ళే నీలం కోటు, ఒళ్ళో పర్సు, పెదాలకు రంగు కూడా.

“అత్తయ్యా! ఎక్కడికి?”

“నీతోనే. ఎక్కు. ఆలస్యమైతే ఆ మేనేజరు కుర్రాడు లేచి వెళ్ళిపోతాడు.”

“మీకెలా తెలుసు?”

“నా గది తలుపు పలచనిది. మీ గొంతులేమో లావువి.”

వెర్లీన్ కారు తీసింది. వాగు పక్క రోడ్డు మీద మంచు ఇంకా విడలేదు. మలుపు దాటారు.

“నీకు తెలుసని నాకు తెలుసులే,” అంది డెల్ఫియా, రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా.

వెర్లీన్ వేగం తగ్గించింది.

“ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి నాకు ఉప్పు డబ్బా అందించావు. నేనడిగింది చక్కెర. మొహం చూడగానే అర్థమైంది. ఇది ఇవాళో రేపో మావాడి చెవిలో వేస్తుంది, వాడు ఇల్లు పీకి పందిరేస్తాడు అనుకున్నా. రెండు రోజులైంది. అయిదు రోజులైంది. నీ నోరు పెగల్లేదు. ‘అత్తయ్యా, ఎలా ఉంది ఒంట్లో’ అని కూడా అడగలేదు. ఒకరోజు నాకు ఒళ్ళుమండింది కూడా. అడగొచ్చు కదా, మొద్దు మొహమా అనుకున్నా.”

“అడిగితే నాకు తెలిసినట్టు మీకు చెప్పినట్టే కదా.”

“అదేం రూలే?”

“రూలే.”

“మరి బెంగ?”

“బెంగకి రూలు లేదు. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను.”

డెల్ఫియా ఆమె వైపు తిరిగింది. పర్సు తెరిచి, రుమాలు తీసి, అవసరం లేకపోయినా ముక్కు తుడుచుకుంది.

“అత్తయ్యా, ఇప్పుడైనా ఒక మాట అడగనా? కోడలుగా. క్లినిక్కు మనిషిగా కాదు.”

“ముందు ఈ గొడవ తెగనీ. మీరిద్దరూ అరిచి అరిచి నా చెవులు ఇంకా గింగురుమంటున్నాయి. ఒక్కసారే చెబుతా, అందరికీ కలిపి.”

ఆ మాటలో మంచి ఉందో చెడు ఉందో వెర్లీన్‌కు అంతుపట్టలేదు. 

*

లోర్నా కాడిల్ గది చిన్నది. మూడో కుర్చీ వెయ్యాలంటే తలుపు ముయ్యాలి. మేనేజరు రోస్కో హెన్స్‌లీ అప్పటికే వచ్చి ఉన్నాడు. ముప్పై దాటని వయసు, మెడకు బిగుతైన టై. డెల్ఫియాను చూడగానే అతను లేచి నిలబడ్డాడు.

“అమ్మా, క్షమించండి. ఇది మాలో మాకు సంబంధించిన మీటింగు. మీరు బయట కూర్చోవాలి.”

“ఎవరి గురించి మీటింగు?”

“ఒక పేషంటు గురించి. పేరు చెప్పకూడదు.”

“ఆ పేషంటుని నేనే. పేరు డెల్ఫియా స్టిడమ్. ఇహ చెప్పు.” ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

హెన్స్‌లీ లోర్నా వైపు చూశాడు. లోర్నా సొరుగులోంచి ఒక కాగితం తీసి డెల్ఫియా ముందు పెట్టింది. “మీ సంగతి మీ ఎదుటా, వెర్లీన్ ఎదుటా మాట్లాడటం మీకు సమ్మతమని ఇక్కడ సంతకం పెడితే చాలు.”

డెల్ఫియా కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివింది. అందరూ ఎదురుచూశారు. చివరికి సంతకం పెట్టింది.

హెన్స్‌లీ గొంతు సవరించుకున్నాడు. “నిన్న సాయంత్రం మూసే వేళకి ఒకాయన ఫోను చేశారు. డెల్ఫియా గారి పరీక్ష ఏమైందో చెప్పమన్నారు. మేము చెప్పలేదు. అప్పుడాయన కేకలేశారు. రాసుకున్నది రాసుకున్నట్టు చదువుతాను. ‘మీరు చెప్పేదేమిటి, చర్చి మొత్తానికి తెలుసు. నా పెళ్ళాం మీ కౌంటర్లోనే కూర్చుంటుంది. నోరు మూసుకోవడం నేర్పుతారట! ఎవరికి నేర్పారు?’”

గది గోడలు దగ్గరికి జరిగినట్టనిపించింది వెర్లీన్‌కు. పొద్దున అతని మెడ వెనక ఎర్రదనం గుర్తొచ్చింది.

“ఎల్డన్,” అంది.

“పేరు ఆయనే చెప్పారు,” అన్నాడు హెన్స్‌లీ, నెమ్మదిగా. “చూడండి వెర్లీన్, మీ పనిలో నేను వంక పెట్టను. కానీ ఆ కాగితం మీ చేతికొచ్చిన వారానికే చర్చిలో అందరికీ తెలిసిందంటే, నేనేమనుకోవాలి?”

“నేను చెప్పలేదు.”

“ఆ మాట రుజువు చెయ్యడానికి…”

“రుజువు నేను చేస్తా,” అంది డెల్ఫియా. “చెప్పింది నేనే.”

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

“పెద్దాసుపత్రికి గంటన్నర దూరం. నాకు కారు తోలడం రాదు. కొడుకుని అడిగితే దారిపొడుగునా నన్ను సాగనంపుతున్నట్టే మొహం పెడతాడు. కోడలు మీ దగ్గర పనిలో ఉంది. అందుకని మాక్సీన్‌ని అడిగా. చిన్నప్పటినుంచీ నేస్తం. ఎందుకెళుతున్నానో చెప్పకపోతే ఎలా తీసుకెళుతుంది? బైబిలు మీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకున్నా.”

“మరి?” అంది లోర్నా.

“మరేముంది. బుధవారం ప్రార్థనలో లేచి నిలబడి, ‘మన డెల్ఫియా కోసం అడుగుదాం, రొమ్ములో గడ్డ, ఎవరికీ తెలియనివ్వద్దంది’ అని నలభైమంది ఎదుట చెప్పిందిట. దేవుడికి చెబితే ఒట్టు తప్పినట్టు కాదనుకుంది. అడగండి, ఇప్పుడే ఫోను చెయ్యండి. ఏడుస్తూ ఒప్పుకుంటుంది. నా దగ్గర నిన్ననే ఒప్పుకుంది.”

లోర్నా పెదాలు బిగించింది గాని నవ్వు కళ్ళలోంచి బయటపడింది. హెన్స్‌లీ మాత్రం నవ్వలేదు. ఫోను అందుకుని, నంబరు అడిగి, నిజంగానే మాక్సీన్‌కు ఫోను చేశాడు. అవతలి ఏడుపు గదిలో అందరికీ వినబడింది. తరవాత క్లినిక్కుకు చేసి ట్రెస్సాతో మాట్లాడాడు. వింటూ తలూపాడు. వెర్లీన్ ఆ తలనే చూస్తోంది.

“కాగితం మీరు మొత్తం చదవలేదట,” అన్నాడు ఫోను పెట్టి. “పేరు చూడగానే ఆవిడకి ఇచ్చేశారట. ట్రెస్సా ఆ రోజే పుస్తకంలో రాసి ఉంచింది. ముందు అది చూసి ఉండాల్సింది నేను. క్షమించండి. సోమవారం ఎప్పట్లాగే రండి.”

 వెర్లీన్ కుర్చీ వెనక్కి ఆనుకుని ఊపిరి వదిలింది.

“మా క్లాసులో టైపింగు అందరికీ వస్తుంది,” అంది లోర్నా, ఎవరితోనో అన్నట్టు. “ఇది కొందరికే వస్తుంది.”

“అయిందా?” డెల్ఫియా పర్సు మూసింది. “అయితే ఇప్పుడు చెబుతా వినవే. నిన్న మధ్యాహ్నం పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఫోను చేసింది. అది చెడ్డ గడ్డ కాదట. కొవ్వు ముద్దట. ఆర్నెల్లకోసారి చూపించుకుంటే చాలట.”

వెర్లీన్ నోరు తెరిచింది. మూసింది. “నిన్న మధ్యాహ్నమా? మరి సాయంత్రం ఎందుకు చెప్పలేదు?”

“చెబుదామనే బయటికొచ్చా. వాడు గుమ్మంలోనే మొదలెట్టాడు. ‘తొమ్మిది రోజులు, తొమ్మిది రోజులు’! నా మాట వినేదెవరు? సరే, అరుచుకోండి, ఇంకో రాత్రి బెంగపడండి అని తలుపేసుకున్నా. పంతం. ముసలిదాన్ని, ఆ మాత్రం పంతం ఉండకూడదా?”

వెర్లీన్ ఆవిడ భుజం మీద తల ఆనించి బావురుమంది. నీలం కోటు తడిసింది. డెల్ఫియా మొదట బిగుసుకుపోయింది. ఆ ఇంట్లో వాళ్ళు ఒకరినొకరు ముట్టుకోవడం తక్కువ. తరవాత కోడలి వీపు మీద రెండుసార్లు తట్టింది.

“చాల్లే. ఆ కుర్రాడు చూస్తున్నాడు. టై మరీ బిగించుకున్నాడు, ఊపిరాడక చస్తాడు.”

*

మధ్యాహ్నం ఎల్డన్ భోజనానికి వచ్చేసరికి ఇద్దరూ వంటింట్లో ఉన్నారు. మొక్కజొన్న రొట్టె పొయ్యిలోంచి అప్పుడే తీశారు. అతను గుమ్మంలోనే ఆగాడు.

“కూర్చో,” అంది తల్లి.

అతను కూర్చున్నాడు. ఆవిడ చెప్పింది. గడ్డ సంగతి చెప్పింది. మాక్సీన్ సంగతి చెప్పింది. ఫోను సంగతి మాత్రం చెప్పలేదు. కోడలి వైపు చూసింది.

వెర్లీన్ రొట్టె ముక్క అతని ప్లేటులో పెట్టింది. “నువ్వు చేసిన ఫోను వాళ్ళు రాసి పెట్టుకున్నారు. ఒక్క మాట పొల్లుపోకుండా.”

ఎల్డన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.  భుజాలు కదిలాయి. అది తల్లి బతికినందుకో, తను చేసిన పనికో అతనికే తెలియాలి.

“నాకు భయమేసింది,” అన్నాడు వేళ్ళ వెనకనుంచి.

“నాకూ వేసింది. నేను ఎవరికీ ఫోను చెయ్యలేదు.”

“తీసేశారా నిన్ను?”

“లేదు.”

“దేవుడా.” చేతులు దించాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “నేను వెళ్ళి వాళ్ళతో మాట్లాడతా. తప్పు నాదని చెబుతా.”

“వద్దు. నువ్వు మాట్లాడింది చాలు.”

డెల్ఫియా కిసుక్కున నవ్వింది. వెర్లీన్ నవ్వలేదు గాని అతని గ్లాసులో మజ్జిగ పోసింది. అతను రొట్టె మజ్జిగలో నలిపి తిన్నాడు. రెండో ముక్క అడిగాడు. నిన్నటినుంచి అతని కడుపులో ఏమీ పడలేదని అప్పుడు తెలిసింది.   నిన్నటి అరుపుల చోట ఆ పూట చెంచాల చప్పుడే వినబడింది.

*

సోమవారం క్లినిక్కులో రద్దీ. జలుబులు, జ్వరాలు, స్కూలుకు కావలసిన కాగితాలు. వెర్లీన్ పేర్లు రాస్తోంది, ఫోన్లు ఎత్తుతోంది, పక్కన ట్రెస్సా ఇన్సూరెన్సువాళ్ళతో వాదిస్తోంది. మళ్ళీ ఈ కుర్చీలో కూర్చున్నానన్న సంతోషానికి, దగ్గుతున్న ముసలాళ్ళు కూడా ఆమెకు ముద్దొస్తున్నారు.

పదకొండు దాటాక అద్దం మీద ఒక నీడ పడింది. తలెత్తింది. రోడ్ల డిపార్టుమెంటు నారింజ రంగు కోటు. టోపీ చేతిలో ఉంది.

 తగాదా పెట్టుకోవడానికి వచ్చాడా? క్షమాపణకా? చుట్టూ జనం.

“గుడ్ మార్నింగ్,” అంది, అందరికీ చెప్పినట్టే. “పేరు చెప్పండి.”

“నా పేరు నీకు తెలీదా?”

“చెప్పండి.”

“ఎల్డన్ స్టిడమ్.” అతను టోపీ అంచు నలుపుతున్నాడు. “డాక్టరుకి చూపించుకోవాలి. టైము తీసుకోలేదు.”

ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను డాక్టరు గుమ్మం తొక్కింది ఒక్కసారి, చెయ్యి విరిగినప్పుడు. వెళ్ళమని ఆమె బతిమాలిన ప్రతిసారీ ‘బొగ్గు గనుల్లో పన్నెండేళ్ళు చేసి బయటపడ్డా, నాకేమవుతుంది’ అనేవాడు.

“ఒక్క నిమిషం. ట్రెస్సాని పిలుస్తాను. మీరు మా ఇంటివాళ్ళు కాబట్టి మీ కాగితం నేను…”

“నీకే చెబుతా,” అన్నాడతను, అద్దంలోని రంధ్రం దగ్గరికి వంగి. “ఇంకెవరికీ చెప్పలేను. సాయంత్రం లారీ ఆపాక పది నిమిషాలు అందులోనే కూర్చుంటాను చూడు, రేడియో వింటున్నాననుకుంటావు. రేడియో కాదు వెర్లీన్. మెట్లెక్కడానికి ఊపిరి కూడదీసుకుంటాను. రెండేళ్ళయింది.”

ఆమె కలం ఆగిపోయింది. రెండేళ్ళు. తను లెక్కపెట్టి అరవాలనుకుంటే ఎన్ని రోజులవుతాయో! కాని అరవాలనిపించలేదు. వచ్చాడు. తన కాళ్ళతో తనే వచ్చాడు. రెండేళ్ళు కాదు, అతను గనులు మానినప్పటినుంచీ ఆమె ఎదురుచూసింది దీనికోసమే.

“అమ్మకి చెప్పకు,” అన్నాడు.

ఆ మాట అన్నాక అదేమిటో అతనికే తెలిసొచ్చింది. చెవులు ఎర్రబడ్డాయి. వెర్లీన్ అతని కళ్ళలోకి చూసింది.

“నేను చెప్పను,” అంది. “నువ్వే చెప్పాలి.”

ట్రెస్సా వచ్చి కాగితం తీసుకుంది. మిగిలినవి అడిగి రాసుకుంది. మరో పది నిమిషాలకి నర్సు లోపలి తలుపు తీసి పిలిచింది. ఎల్డన్ లేచాడు. తలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. స్కూలుకు మొదటిరోజు వెళ్ళే పిల్లవాడి చూపు. తలుపు మూసుకుంది.

వెర్లీన్ కుర్చీలో వెనక్కి వాలింది. ఏం తేలుతుందో తెలీదు. తేలేది ఏదైనా, ఇప్పుడు దానికి డాక్టరున్నాడు.

అంతలో వీధి తలుపు తెరుచుకుంది. చల్లగాలితోపాటు నీలం కోటు లోపలికొచ్చింది. వెనకాల, తల వంచుకుని మాక్సీన్.

“ఆ పెద్దాసుపత్రి రిపోర్టు మీకొచ్చిందట, నా కాపీ నాకు కావాలి,” అంది డెల్ఫియా కౌంటరు దగ్గరికి వస్తూనే. అద్దానికి దగ్గరగా వంగి గొంతు తగ్గించింది. “ఇదిగో, మావాడి లారీ బయట ఉంది. వాడు లోపలున్నాడా?”

వెర్లీన్ ఆవిడ వైపు చూసింది. ఏమీ అనలేదు.

డెల్ఫియా ఆ మొహాన్ని కాసేపు పరీక్షగా చూసింది. తరవాత నర్సు మూసిన తలుపు వైపు చూసింది. మాక్సీన్ మోచెయ్యి పట్టుకుని, ఆ తలుపుకు సరిగ్గా ఎదురుగా ఉన్న రెండు కుర్చీల దగ్గరికి నడిచింది.

“సరే, చెప్పకు,” అంది కోటు గుండీలు విప్పుకుంటూ. “నేను కూర్చుంటా.”